ఇటాలియన్ విందు – చరకుని ఎనిమిది ఆహార సూత్రాలు

"పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి" అన్నారు పెద్దలు. ఒకప్పుడు నల్లగొండలోగాని, మహబూబ్‌నగర్‌లోగాని కుటుంబమంతా కలిసి బయట భోజనం చేయడమంటే ఏ పెళ్ళివిందో, బస్టాండు సమీపంలోని ఏ ఉడిపి హోటలో మాత్రమే. పిజ్జా అమ్మే పెద్ద విదేశీ సంస్థలు మన దేశంలో అడుగుపెట్టినది 1996లో. ఒకటి ఢిల్లీలో, మరొకటి బెంగుళూరులో తొలి దుకాణాలు తెరిచినవి. అక్కడినుండి ఆ రుచి నగరాలు దాటి చిన్న పట్టణాలకు చేరినది. నేడు విజయవాడ రహదారిమీద, బెంగుళూరు రహదారిమీద భోజనశాలల పట్టికలలో ఇడ్లీ, బిర్యానీల ప్రక్కన పిజ్జా, పాస్తాల పేర్లు కూడా కనిపిస్తున్నవి. హైదరాబాదుకు వెళ్ళినప్పుడు పిల్లలు మొదట కోరేది ఆ విందునే.

ఒక సాయంత్రాన్ని ఊహించుకుందాము. మనుమరాలికి పన్నెండేళ్ళు నిండినవి. తాతను, నాయనమ్మను కూడా వెంటబెట్టుకొని ఇటాలియన్ విందుకు పోవలెనని ఆమె పట్టుబట్టినది. తాతకు మధుమేహం, ఇన్సులిన్ తీసుకుంటున్నాడు. నాయనమ్మకు రక్తపుపోటు, మందాగ్ని. తండ్రికి తరచుగా ఛాతీలో మంట, పుల్లని త్రేనుపులు. ఇక ఆ పిల్లకు ఆకలికి కొదువలేదు. నలుగురికీ ఒకే బల్ల. వడ్డన కూడా ఒకటే.

ఇటువంటి సందర్భాలలో ఇండ్లలో రెండు రకాల పొరపాట్లు జరుగుతుంటవి. "అదంతా విషం, పెద్దవాళ్ళకు ఎందుకు?" అని వారిని మజ్జిగన్నంతో ఇంట కూర్చోబెట్టడం ఒకటి. "ఒక్కరోజు తింటే ఏమవుతుంది?" అని అందరికీ అన్నీ వడ్డించడం రెండవది. మొదటిదానివలన మనసు నొచ్చుకుంటుంది. రెండవదానివలన రాత్రంతా కడుపు నొచ్చుకుంటుంది. ఆయుర్వేదం ఈ రెంటికీ మధ్య ఒక చక్కని మార్గాన్ని చూపినది. చరకసంహిత విమానస్థానం మొదటి అధ్యాయంలో ఆహారాన్ని పరీక్షించుటకు ఎనిమిది అంశాలు చెప్పబడినవి. వాటికి "ఆహారవిధి విశేషాయతనములు" అని పేరు. ఆ ఎనిమిదింటిని ఒక కొత్త భోజనానికి అన్వయించి చూచుటయే ఈ పాఠం యొక్క ఉద్దేశం.

ఇటలీ వంట మనకు అంత పరాయిదా?

ముందుగా ఒక అపోహను తొలగించుకొనవలెను. మన ఇండ్లలో పండుగనాడు పాయసానికి వాడే సేమియా పొట్లంమీద "వర్మిసెల్లి" అని వ్రాసి ఉంటుంది. అది ఇటాలియన్ మాట. ఆ దేశంలో గోధుమ పిండితో చేసే సన్నని తీగల పాస్తాకు అది పేరు. మన రాష్ట్రంలో ఇంటింటికీ తెలిసిన సేమియా సంస్థ పేరైన "బాంబినో" కూడా ఇటాలియన్ మాటయే. చంటిపిల్లవాడు అని అర్థం. ఆ సంస్థ కర్మాగారం వెలసినది పూర్వపు నల్లగొండ జిల్లాలోని బీబీనగర్‌లోనే. అనగా పాస్తా జాతి ఆహారం మన వంటింటికి కొత్త చుట్టమేమీ కాదు.

టమాట విషయమూ అంతే. అది అమెరికా ఖండపు పంట. పదహారవ శతాబ్దంలో ఐరోపాకు చేరినది. ఆ తరువాతనే మన దేశానికి వచ్చినది. మిరపకాయ పుట్టిల్లు కూడా అమెరికాయే. కాబట్టి ఇటలీవారి టమాట రసమూ, మన టమాట పచ్చడీ రెండూ కొత్తగా నేర్చినవే. ఇక పిజ్జామీద వేసే బేసిల్ ఆకు మనకు తెలిసిన రుద్రజడ. వేసవిలో నీటిలో నానబెట్టుకొని త్రాగే సబ్జా గింజలు ఆ మొక్కవే. ఒరెగానో అనే ఎండుటాకు వాసన చూచినచో వాము ఆకు గుర్తుకు వస్తుంది. ఈ పోలికకు కారణమున్నది. వాములో ఉండే థైమాల్, వాము ఆకులో ఉండే కార్వక్రాల్ అనే సుగంధ పదార్థాలే ఒరెగానోలో కూడా ఉన్నవి.

కాబట్టి "విదేశీ" అన్న ఒక్క మాటతో దీనిని తోసివేయరాదు. ఎనిమిది పరీక్షలకు నిలబెట్టి చూడవలెను.

1. ప్రకృతి – పదార్థపు సహజగుణం

గోధుమ మధురరసం, శీతవీర్యం, స్నిగ్ధం, గురువు. వాతాన్ని తగ్గిస్తుంది, బలాన్ని, స్థైర్యాన్ని ఇస్తుంది. అయితే పిండితో చేసిన పదార్థాలన్నీ స్వభావంచేతనే గురువులని చరకుడు హెచ్చరించినాడు. అనగా అరుగుటకు అధికమైన జఠరాగ్ని కావలెను.

చీజ్ అన్న మాట మన గ్రంథాలలో లేదుగాని, పాలను విరిచి చేసే "కిలాటం" అనే పదార్థం ఉన్నది. దానిని గురువుగా, బలకరంగా, వాతహరంగా వర్ణించి, అగ్ని దీప్తంగా ఉన్నవారికి, నిద్ర పట్టనివారికి సుఖకరమని చెప్పినారు. ఈ మాటలో ఎంత సూక్ష్మమున్నదో గమనించండి. కిలాటం చెడ్డదని శాస్త్రం అనలేదు. ఎవరి అగ్నికి అది తగునో చెప్పినది. మందాగ్ని గలవారికి అదే పదార్థం కఫాన్ని పెంచి, స్రోతస్సులను అడ్డగిస్తుంది. చీజ్‌లో కొవ్వుతోపాటు ఉప్పు కూడా ఎక్కువే.

ఆలివ్ నూనె మన ప్రాచీన గ్రంథాలలో కానరాదు. మనవారికి తైలమంటే నువ్వుల నూనెయే. ఆలివ్ నూనెలో ఓలియిక్ ఆమ్లం అధికం. మితంగా వాడినచో వెన్న, వనస్పతికంటె గుండెకు మేలని ఆధునిక పోషకాహార శాస్త్రం అంటున్నది. వెల్లుల్లి, అనగా మన ప్రాంతపు ఎల్లిగడ్డ, ఉష్ణవీర్యం, వాతకఫహరం, దీపనం. ఆమ్లపిత్తం ఉన్నవారికి మాత్రం అది మంటను పెంచుతుంది.

2. కరణం – వండే విధానంచేత వచ్చే మార్పు

ఒకే గోధుమ సంస్కారభేదంచేత వేర్వేరు గుణాలు పొందుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన ఆహార పట్టికల ప్రకారం, 100 గ్రాముల గోధుమ పిండిలో సుమారు 11 గ్రాముల పీచు ఉన్నది. అదే మైదాలో 3 గ్రాములకు లోపే. మన జొన్నలో సుమారు 10 గ్రాములు. పిజ్జా రొట్టెకు వాడేది సాధారణంగా మైదా. పీచులేని పిండిమీద చీజ్ పరచినచో మలబద్ధమునకు వేరే కారణం వెదకనక్కరలేదు.

పాస్తా స్థితి కొంత నయం. దానిని డురమ్ అనే గట్టి గోధుమ రవ్వతో చేస్తారు. మరీ మెత్తబడకుండ, కొరికినప్పుడు కొంచెం బిరుసు తగిలేటట్లు ఉడికించుట ఇటలీవారి పద్ధతి. అట్లు ఉడికిన పాస్తా తెల్ల రొట్టెకంటె నెమ్మదిగా రక్తంలోనికి చక్కెరను వదలుతుంది. ముద్దగా ఉడికినచో ఆ గుణం తగ్గిపోతుంది.

మన పట్టణాలలో ఈ వంటలకు తోడైన మరొక పదార్థం మయొనైజ్. పచ్చిగుడ్డుతో చేసి వెచ్చని చోట నిలువ ఉంచిన మయొనైజ్‌లో హానికర సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతవి. 2024 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డు మయొనైజ్‌ను ఒక సంవత్సరంపాటు నిషేధించవలసి వచ్చినది. మన వేసవులలో దానిని వద్దనుకొనుటయే వివేకం. ఇటలీలో అసలు పిజ్జామీద మయొనైజ్ వేయుట ఆచారమే కాదు.

3. సంయోగం – కలయిక

విడివిడిగా మంచివైన పదార్థాలు కలసినప్పుడు హాని చేయవచ్చును. దీనినే విరుద్ధాహారమన్నారు. ఇటాలియన్ భోజనశాలలో ఈ మూడింటిని గుర్తుంచుకొనవలెను.

ఒకటి: పాలు, చేపలు కలిపి తినరాదని చరకుని నియమం. పాలు, వెన్న, మైదాలతో చేసిన తెల్లని సాస్‌లో చేపలనో, రొయ్యలనో కలిపి చేసే వంటకాలు ఈ కోవలోనివి.

రెండు: వెల్లుల్లి, ముల్లంగి, తులసి జాతి ఆకులు తిన్న పిమ్మట పాలు త్రాగరాదు, చర్మవ్యాధుల భయం కలదని శాస్త్రవచనం. వెల్లుల్లి రొట్టె, రుద్రజడ ఆకు వేసిన పిజ్జా తిని, పైన మిల్క్ షేక్ త్రాగుట సరిగా ఈ నియమానికి వ్యతిరేకం.

మూడు: వేడి భోజనంతో మంచుగడ్డలు వేసిన తీపి పానీయం. గురుపదార్థం కడుపులోనికి చేరిన సమయంలోనే అగ్నిమీద నీళ్ళు చల్లినట్లవుతుంది. పైగా ఒక సీసాలోని చక్కెర చాలమంది ఊహించినదానికంటె ఎక్కువ.

ఇక్కడ ఒక ఆశ్చర్యకరమైన విశేషమున్నది. చేపలు, రొయ్యలు వేసిన పాస్తామీద చీజ్ చల్లుట ఇటలీలో సాధారణంగా తప్పుగా భావిస్తారు. పాలు కలిపిన కాఫీని ఉదయం పూట మాత్రమే త్రాగి, భోజనానంతరం పాలు లేని చిన్న కాఫీతో సరిపెట్టుకుంటారు. చరకుని పేరు వినని ఆ ఇండ్ల పెద్దలు కూడా అనుభవంచేత దాదాపు అదే హద్దు గీసుకొన్నారు. ఆ హద్దును చెరిపినది వ్యాపారమేగాని ఆ దేశపు వంటిల్లు కాదు.

విరుద్ధాహారం ఎప్పుడో ఒకసారి తింటే భయపడిపోనక్కరలేదు. అలవాటుపడినవారికి, కొద్దిగా తిన్నవారికి, అగ్నిబలం గలవారికి, యువకులకు, వ్యాయామం చేసేవారికి అది హాని చేయకపోవచ్చునని చరకుడే సడలింపు ఇచ్చినాడు.

4. రాశి – పరిమాణం

పరిమాణాన్ని రెండు విధాల చూడవలెను. మొత్తం భోజనం ఎంత అనునది సర్వగ్రహం. అందులో ఏ పదార్థం ఎంత అనునది పరిగ్రహం. బయటి భోజనంలో మనం తరచు మరచేది రెండవదానిని. కడుపు నిండలేదని తృప్తిపడతాముగాని, తిన్నదంతా మైదా, చీజే అయినదని గమనించము.

కడుపును మూడు భాగాలుగా భావించి, ఒక భాగం ఘనాహారానికి, ఒక భాగం ద్రవానికి, ఒక భాగం దోషాల సంచారానికి విడువవలెను. గురుపదార్థాలను ఇంకను తక్కువగా, తృప్తికి సగందాకనే తినవలెను. మధ్యస్థ పరిమాణపు పిజ్జాను ఎనిమిది ముక్కలుగా కోసినచో పెద్దలకు 2 ముక్కలు చాలును. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకు 5 గ్రాములకు మించని ఉప్పును సూచించినది. చీజ్ దట్టంగా వేసిన ఒక పిజ్జాను ఒక్కరే తిన్నచో ఆ హద్దు ఆ పూటలోనే తీరిపోవచ్చును.

5. దేశం – తినేవాని నేల

పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు 2016 పునర్విభజనతో పలు జిల్లాలైనవి. పేర్లు మారినవిగాని నేల మారలేదు. వర్షం తక్కువ, ఎండ ఎక్కువ, బండరాళ్ళు, ఎర్రచెలకలు. ఆయుర్వేద పరిభాషలో ఇది జాంగలదేశ లక్షణం; వాతపిత్తాల ప్రాబల్యం సహజం. ఇక్కడివారికి తరతరాలుగా సాత్మ్యమైనది జొన్నరొట్టె, గట్క, అంబలి, పచ్చిపులుసు, మజ్జిగ. అలవాటుచేత ఒంటికి పట్టిన ఆహారాన్ని ఓకసాత్మ్యం అంటారు. కొత్త ఆహారాన్ని కొద్దికొద్దిగా పరిచయం చేయవలెనేగాని ఒక్కసారిగా మార్చరాదు.

ఈ నేలకు మరొక దుఃఖమున్నది. నల్లగొండ భూగర్భజలాల ఫ్లోరైడు ఎన్నో పల్లెలలో పళ్ళను, ఎముకలను దెబ్బతీసినది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ పటిక, సున్నాలతో ఫ్లోరైడును తొలగించే పద్ధతిని రూపొందించగా, దానికి "నల్లగొండ పద్ధతి" అన్న పేరే స్థిరపడినది. ఇటువంటి చోట పెరిగే పిల్లలకు సున్నం, అనగా కాల్షియం, ఎంతో అవసరం. ఆ దృష్టితో చూచినచో కొద్దిపాటి చీజ్ నిందింపదగినది కాదు. కాని అదే కాల్షియం పాలు, పెరుగు, రాగులు, నువ్వులలో తక్కువ ఉప్పుతో, తక్కువ ఖర్చుతో దొరుకుతుంది. "పిల్లకు బలం" అన్న నెపంతో వారం వారం పిజ్జా పెట్టుట మాత్రం తగదు.

6. కాలం

ఇటలీలో సంప్రదాయంగా పెద్ద భోజనం మధ్యాహ్నం. మన పెద్దల పద్ధతి కూడా అదే. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు జఠరాగ్ని ప్రబలంగా ఉంటుంది. మనం ఈ విందును రాత్రి తొమ్మిదిన్నరకు మొదలుపెట్టి, పదకొండుకు ఇంటికి చేరి, వెంటనే పడుకుంటున్నాము. సగం అనర్థం ఇక్కడనే ఉన్నది.

వీలైనచో పుట్టినరోజు విందును మధ్యాహ్నానికి మార్చుకొనండి. రాత్రియే తప్పనిసరియైనచో ఏడున్నరకల్లా ముగించి, నిద్రకు కనీసం 2, 3 గంటల వ్యవధి ఉంచవలెను. ఋతువును కూడా చూడవలెను. హేమంతంలో అగ్ని బలంగా ఉంటుంది కనుక గురుపదార్థాలు కొంత అరుగుతవి. గ్రీష్మ, వర్ష ఋతువులలో అగ్ని మందం; అప్పుడు చీజ్, వేపుళ్ళు తగ్గించవలెను.

7. ఉపయోగసంస్థ – తినే నియమాలు

వేడిగా ఉన్నప్పుడు, ముందు తిన్నది అరిగిన తరువాత, తొందరపడక, మరీ ఆలస్యమూ చేయక, తినే పదార్థంమీద మనసు నిలిపి భుజించవలెను. చల్లారిన పిజ్జాలో చీజ్ గడ్డకట్టి మరింత గురువవుతుంది. మిగిలినది కట్టించుకొని వచ్చి మరునాడు ఉదయం తినే అలవాటు అసలే మంచిది కాదు. బల్లమీద ఉన్నంతసేపు చరవాణిని ప్రక్కన పెట్టండి. దానిని చూస్తూ తినేవారికి ఎంత తిన్నామో తెలియదు.

భోజనానంతరం కొన్ని అడుగులు నడువవలెనని మన శాస్త్రం. సాయంకాలం కుటుంబమంతా వీధులలో తీరికగా నడుచుట ఇటలీ పట్టణాలలో ఒక ఆచారం. మనం పిజ్జాను తెచ్చుకొన్నాముగాని ఆ నడకను తెచ్చుకొనలేదు.

8. ఉపయోక్త – తినే మనిషి

ఎనిమిదింటిలో చివరిదైనా ఇదే ముఖ్యమైనది. పై కుటుంబాన్ని మరల తలచుకుందాము.

*తాత:* మధుమేహం ఉన్నవారికి ఇక్కడ రెండు ప్రమాదాలు. తిన్న తరువాత చక్కెర పెరుగుట అందరికీ తెలిసినదే. తినకముందే తగ్గిపోవుట చాలమందికి తెలియదు. ఇంటివద్ద ఇన్సులినో, మాత్రో తీసుకొని బయలుదేరుతారు. అక్కడ బల్ల దొరకుటకు అరగంట, వంటకం వచ్చుటకు ముప్పావుగంట పడుతుంది. ఈలోపల చెమటలు, వణుకు, కళ్ళు తిరుగుట మొదలవుతుంది. ఇది అపాయస్థితి. మందు వేళను బయటి భోజనానికి ఎట్లు సర్దుకొనవలెనో తమ వైద్యుని ముందే అడిగి తెలుసుకొనవలెను. జేబులో గ్లూకోజు పొడిగాని, చక్కెర బిళ్ళలుగాని తప్పక ఉంచుకొనవలెను. ఆహారంలో మొదట కూరగాయల సూప్, పచ్చి కూరముక్కలు. తరువాత కూరలు ఎక్కువగా, పాస్తా తక్కువగా ఒక చిన్న గిన్నె. తీపి పానీయం కూడదు.

*నాయనమ్మ:* చీజ్, ఆలివ్ ఊరగాయ, సీసా సాస్‌లు, వెల్లుల్లి రొట్టె అన్నిటిలోనూ ఉప్పే. ఆమెకు చిక్కుడు గింజలు, కూరలు వేసి కాచిన వేడి సూప్, టమాట సాస్‌తో కొద్దిగా పాస్తా మేలు. చీజ్ వేయవద్దని ముందే చెప్పినచో ఏ భోజనశాలలోనైనా మానుతారు.

*తండ్రి:* ఆమ్లపిత్తం గలవాడు. టమాట పులుపు, మిరప తునకలు, వెల్లుల్లి, నురుగు పానీయం, కాఫీ ఇవన్నీ ఒకే పూట చేరినచో మంట తప్పదు. వీటిలో ఒకటి రెండింటిని ఎంచుకొని మిగిలినవి మానవలెను.

*మనుమరాలు:* ఆమెది పుట్టినరోజు, అగ్ని బలమైనది. ఇష్టమైన పిజ్జాను తిననివ్వండి. ఒక ముక్కకు ముందు ఒక గిన్నె కూరగాయలు అన్న ఒప్పందం చాలును. పిల్లలకు ఇది నెలకు ఒకటి రెండు పర్యాయాల వేడుకగా ఉండవలెనేగాని వారాంతపు హక్కుగా మారరాదు.

పాలు పడనివారు, గోధుమ పడనివారు ఆ సంగతిని వడ్డించేవారికి ముందే స్పష్టంగా చెప్పవలెను.

విందుకు ముందు, తరువాత గృహచికిత్స

*భోజనానికి ముందు:* చిన్న అల్లం ముక్కను పలుచగా కోసి, చిటికెడు సైంధవ లవణంతో నమిలినచో అగ్ని దీపిస్తుంది. రక్తపుపోటు ఉన్నవారు ఉప్పు లేకుండ నమలవలెను. కడుపులో పుండు, మంట ఉన్నవారు దీనిని మానవలెను.

*తిన్న తరువాత బరువు, నోట నీరూరుట, వికారం (ఆమాజీర్ణం):* ధనియాలు ఒక చెంచా, శొంఠి పొడి అర చెంచా రెండు గ్లాసుల నీటిలో వేసి, ఒక గ్లాసు మిగిలేవరకు కాచి వడగట్టి, సగం చొప్పున రెండుసార్లు గోరువెచ్చగా త్రాగవలెను.

*పుల్లని త్రేనుపులు, మంట (విదగ్ధాజీర్ణం):* శొంఠి, మిరియాలు కూడదు. రెండు చెంచాల ధనియాలను నలుగగొట్టి రాత్రి నీటిలో నానవేసి, ఉదయం వడగట్టి త్రాగవలెను. ఆ రాత్రి తల వైపు ఎత్తు ఉంచి ఎడమ ప్రక్కకు పడుకొనవలెను.

*కడుపు ఉబ్బరం, వాయువు, మలబద్ధం (విష్టబ్ధాజీర్ణం):* వాము, జీలకర్ర సమంగా దోరగా వేయించి పొడిచేసి, పావు చెంచా వేడినీటితో సేవించవలెను. హింగ్వష్టక చూర్ణం ఇంట ఉన్నచో, తరువాతి భోజనంలో మొదటి ముద్దలో నేతితో కలిపి అర చెంచా తినవచ్చును. అందులో ఉప్పు కలదు కనుక రక్తపుపోటువారికి వద్దు. విరేచనం కానిచో రాత్రి ఒక చెంచా త్రిఫలా చూర్ణం గోరువెచ్చని నీటితో తీసుకొనవచ్చును, గర్భిణులు వాడరాదు.

*మరునాడు:* ఆకలి బాగుగా పుట్టేవరకు తినకుండుటయే ఉత్తమ చికిత్స. మధుమేహానికి మందులు వాడేవారు మాత్రం ఉపవాసం చేయరాదు. ఆకలి పుట్టిన తరువాత పెసరకట్టు, జావ, జీలకర్ర వేసిన పలుచని మజ్జిగ తీసుకొనవలెను. నల్లగొండ బత్తాయి, నకిరేకల్ నిమ్మ మనకు చేరువలోనే ఉన్నవి. మంట లేనివారు మధ్యాహ్నం ఒక బత్తాయిని తినవచ్చును.

ముఖ్య హెచ్చరిక

పెద్దలలో భోజనానంతరం ఛాతీలో బిగింపు, ఎడమ చేతికి లేక దవడకు ప్రాకే నొప్పి, చల్లని చెమటలు, ఆయాసం కలిగినచో దానిని "గ్యాసు" అని భావించి వాము నీళ్ళతో కాలయాపన చేయరాదు. అది గుండెపోటు కావచ్చును. వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చవలెను. ఆగని వాంతులు, రక్తవిరేచనాలు, తీవ్రజ్వరం, పిల్లలలో మూత్రం తగ్గి మగతగా ఉండుట, ఇవన్నీ ఆహారం విషమించిన గుర్తులు కావచ్చును. ఓ.ఆర్.ఎస్. నీరు పట్టిస్తూ వైద్యుని వద్దకు తీసుకొనిపోవలెను.

ఇంటనే ఆ రుచి

జొన్న పిండికి నాలుగవ వంతు గోధుమ పిండి కలిపి, వేడి నీటితో తడిపి, కొంచెం మందంగా రొట్టె చేసి పెనంమీద రెండు ప్రక్కల కాల్చండి. నాలుగు టమాటలు, ఆరు వెల్లుల్లి రెబ్బలు, ఒక చెంచా నువ్వుల నూనెతో దగ్గరగా మగ్గించి రొట్టెమీద పూయండి. పైన ఉల్లి, బుడమ మిరప ముక్కలు, సన్నగా తరిగిన వాము ఆకు, గుప్పెడు పనీరు తురుము వేసి, మూతపెట్టి చిన్న మంటమీద ఐదు నిమిషాలు ఉంచండి. నేపుల్స్ పిజ్జా కాకపోవచ్చును. కాని పాలమూరు జొన్నకు ఇటలీ వేషం వేసినట్లుంటుంది; పిల్లలు కాదనరు, తాతయూ రెండు ముక్కలు నిర్భయంగా తినగలడు.

చివరగా ఒక్క మాట. పథ్యమంటే పెద్దవారిని విందునుండి వెలివేయుట కాదు. ఎవరికి ఏది, ఎంత, ఎప్పుడు అని ముందే ఆలోచించి వారికి కూడా బల్లవద్ద చోటు కల్పించుటయే పథ్యం. మనుమరాలి ప్రక్కన కూర్చొని తాత తన సూప్ గిన్నెను, నాయనమ్మ తన చీజ్ లేని పాస్తాను నవ్వుతూ తిని, మరునాటి ఉదయం హాయిగా నిద్ర లేచినచో ఆ విందు సఫలమైనట్లే.